వెర్న్ నింపిన డబ్బా

ఆగస్టు 3
ఏప్రిల్‌లో పోయిన వెర్న్ ఈరోజు నాకో డబ్బా ఇచ్చాడు. అంటే వాళ్ళావిడ మార్లిస్ పిలిచి ఇచ్చింది. తూటాలు. ఇవి గ్లెన్‌వి, అంటే నావి, అని చెప్పి పోయాడట. వాడు ఇంట్లో తూటాలు తయారుచేసే ప్రెస్ ఏదని అడిగితే అల్లుడు పట్టుకుపోయాడంది.

ముప్పై ఏళ్ళు నా రైఫిల్‌కి తూటాలు నింపింది వాడే. నేను పక్కన కాఫీ తాగుతూ కబుర్లు చెప్పేవాణ్ణి. గుల్లల్లో తుపాకిమందు పోసేటప్పుడు మాత్రం నోరు మూయించేవాడు. ఒరే బడుద్ధాయీ, నువ్వూ నేర్చుకోరా అనేవాడు. నువ్వున్నావుగా అనేవాణ్ణి.

ఆగస్టు 9, శనివారం
తుపాకుల కొట్టు హోయ్ట్‌కి డబ్బా చూపించాను. దీనిమీద ఒక్క ముక్కా రాసిలేదేమయ్యా అన్నాడు. ఎవడు నింపింది వాడే కాల్చాలి, మన మోంటానాలో పసివాడికీ తెలుసన్నాడు. జబ్బు మనిషి కదా, చెయ్యి వణికి మందు ఎక్కువ పడి ఉంటే రైఫిల్ నీ మొహం మీదే పేలుతుంది, అన్నీ విప్పేసి నువ్వే నింపుకో అన్నాడు. చెయ్యి వణికి ఉంటుందన్న మాట గుచ్చుకుంది.

రెండు ప్రెస్‌లు చూపించాడు. పెద్దదాంట్లో మీట లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై పడుతుంది. పనులన్నీ ఒకేసారి. చిన్నదాంట్లో ఒక లాగుకి ఒక్కటే పని. కొత్తవాడివి, పెద్దదాంట్లో పొరపాటు జరిగినా కనిపెట్టలేవు అన్నాడు. చిన్నదానికి సాయంత్రమంతా పడుతుందా అన్నాను. ఇంకా ఎక్కువే అన్నాడు. అదే ఇమ్మన్నాను.

నింపేటప్పుడు రేడియో వద్దు, గదిలో ఎవరూ ఉండకూడదు అని హెచ్చరించాడు. ఆ విషయంలో నాకు శిక్షణ అక్కర్లేదు.

ఆగస్టు 10
ప్రెస్ వంటింటి బల్లకి బిగించాను. రెండో కుర్చీ అడ్డమొస్తోంది. తీయలేదు.

సెప్టెంబర్ 14
ఇంకా విప్పలేదు. విప్పితే వెర్న్‌ని నమ్మనట్టే.

సెప్టెంబర్ 21
విప్పాను. దానికో సుత్తి ఉంది. తూటా అందులో పెట్టి నేలకేసి కొడితే గుండు ఊడొస్తుంది. లోపలి మందు ఊరికే తూచి చూశాను. తరువాతిదీ తూచాను. ఆపలేకపోయాను. చివరిదాకా అన్నీ ఒకే తూకం.

లేచి నిలబడలేని రోజుల్లో నింపాడు. వాడి చెయ్యి వణకలేదు. బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను.

పేరు తెలియని మందు మళ్ళీ వాడకూడదు. పెరట్లో గడ్డిమీద చల్లేశాను. ఇత్తడి గుల్లలు, గుండ్లు ఉంచుకున్నాను.

అక్టోబర్ 5
నింపాను. వాడి గుల్లలు, వాడి గుండ్లు, నా మందు. డబ్బామీద మందు పేరు, తూకం, తేదీ రాశాను. నాకు తప్ప ఎవరికి పనికొస్తుందో తెలియదు.

మధ్యలో ఏదో చెప్పబోయాను. మందు పోస్తున్నానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అక్టోబర్ 25, పొద్దున
ఒక్క దెబ్బకి దుప్పి పడిపోయింది. చూశావట్రా అంటూ వెనక్కి తిరిగాను.