కాళ్ళు కడగనివ్వని నవల

శనివారం, పడుకునే ముందు

లైబ్రరీ మేడం ఇచ్చిన రామాయణం నవల చదవడం నిన్న పూర్తయింది. రాముణ్ణి గంగ దాటించిన పడవవాడి పెళ్ళాం చెప్పే కథ. రేపు లైబ్రరీ మీటింగులో దాని మీద నేనే మాట్లాడాలి. "మీ వాళ్ళ కథ కదమ్మా" అన్నారు మేడం. మెచ్చుకుంటూ రెండు పేజీలు రాసి పెట్టుకున్నాను కూడా.

నిజానికి నవల నిండా ఉపన్యాసాలే. చేపల వాసన ఒక్కచోటా లేదు. ఒక్క ఘట్టం మాత్రం నచ్చి పెన్సిలుతో గీత గీశాను. పడవ ఎక్కబోతున్న రాముడి కాళ్ళు మొగుడు కడగబోతే, పెళ్ళాం చెంబు లాక్కుని "మనం ఎవరి కాళ్ళూ కడగం" అంటుంది.

సాయంత్రం ఎండుచేపలు ఏరుతున్న మామ్మకి అది చదివి వినిపించాను. నవ్వింది.

"ఒసే, కాళ్ళు కడక్కుండా మన పడవ ఎవులెక్కీవోరే? ఇసక కాళ్ళతో ఎక్కితే మీ తాత కలెక్టర్నైనా దింపేసీవోడు. ఇది రాసినావిడ పడవ సూడనేదేటి?"

"నేనూ ఎప్పుడూ ఎక్కలేదు కదా మామ్మా."

"నువ్వు సదువుకున్నావు గదే," అంది, చేపల మీంచి చూపు తిప్పకుండా.

కాళ్ళు కడగడం ఎక్కేవాడికి కాదు, పడవకిచ్చే మర్యాదన్నమాట. రాసినావిడకి తెలీలేదు సరే, ఈ ఇంట్లో పుట్టిన నాకెందుకు తట్టలేదు?

ఆ రెండు పేజీలూ చింపేశాను. రేపు మామ్మ మాటే చెప్తాను. మేడం ముఖం మాడ్చుకుంటారేమో. పుస్తకం తిరిగిచ్చే ముందు ఆ గీత చెరిపేద్దామని రబ్బరు తీసి, మళ్ళీ పెట్టేశాను. గీసింది నేనే. అది కూడా చెప్పాలి.