తిన్నగా తెగిన వేపపలక

ఆదివారం రాత్రి

మా శారద పాత కారు చక్రాలతో సొంతంగా చేసుకున్న రంపం మిల్లులో ఈ పొద్దు పలక తిన్నగా తెగింది. నా బిడ్డ బంగారం. ఈ మాట ఎన్నిసార్లు రాసుకున్నా నాకు చాలదు.

ముందు కోసిన మామిడి మొద్దులన్నీ వంకరలే. బామ్మర్ది మునస్వామి అయితే, "బావా, పాప పలకలు కోస్తా ఉండాదా, మురుకులు పిండతా ఉండాదా?" అన్నాడు. బిడ్డ నవ్వింది గానీ ఆ పూట అన్నం సరిగా తినలా. "ఈ వేపమొద్దు గూడా వంకర పోతే మిల్లు విప్పి పాత ఇనుముకు ఏసేస్తా నాయనా" అనింది.

అందుకే పొద్దున్నే నూనెలో పసుపు కలిపి మిల్లంతా పూసి బొట్లు పెట్టినా. రంపం పట్టీ తిరిగే చక్రాలను గూడా వదల్లేదు. ఆన్ చేస్తానే పట్టీ జారి పక్కన పడింది. ఉరికి స్విచ్చి ఆపేసినా. శారద చక్రం తడిమి చూసి, "దేవుని బొట్టు చట్రానికి చాలు నాయనా, చక్రానికి నూనె పూస్తే పట్టీ యాడ నిలస్తాది?" అనింది. కోప్పడలేదు నా తల్లి. గుడ్డతో తుడిచి, పట్టీ జారకుండా పైచక్రాన్ని రవ్వంత వంచి, కోత వంకర పోకుండా పట్టీని ఇంకొంచెం బిగించింది. అంతే, పలక అద్దం మాదిరి వచ్చింది. మునస్వామి ఒంటికన్ను మూసి అంచు వెంబడి చూసి, "అమ్మీ, నా మొద్దు ఎప్పుడు తెమ్మంటావు?" అన్నాడు.

పట్టీకి ఇంకా మూత పెట్టలేదు. ఆ పళ్లు చూస్తే బిడ్డ వేళ్లే గుర్తొస్తా ఉండాయి... మూత పడేదాకా స్విచ్చి కాడ నేనే కూర్చుంటా.

చెప్పాల్సినోళ్లు: నాయుడుపేటలో పెద్దోడు, చెల్లెలి కోసం చక్రాలు వెతికి పంపినాడు, వానికే ముందు. కాణిపాకం అక్క. రేణిగుంట వియ్యపురాలు. పుత్తూరు పిన్నమ్మకు చెవులు వినపడవు, ఆమెకు పలకే ఎత్తుకపోయి చూపించాల.