చిరివేరు ఎరుపు

1984 ఫిబ్రవరి 6, సోమవారం

గుడి బీరువా సర్దుతుంటే అడుగున దొరికింది! ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ. గుడి కట్టిన కొత్తలో ఇక్కడి ఆడవాళ్ళు చేత్తో కుట్టింది. సగం చెదలు తినేశాయి. తెల్లబట్ట పసుపు తిరిగింది... అంచున ఎర్రదారం మాత్రం నిన్న కుట్టినట్టుంది.

పాస్టరమ్మగారు అడిగారు — "సుగుణా, మార్చిలో గుడి వందేళ్ళ పండుగకి అచ్చం ఇలాంటిదే కుట్టగలవా?"

ముందూ వెనకా చూడకుండా "కుడతానండీ" అనేశాను. పదిహేనేళ్ళుగా బడిలో కుట్టు టీచర్ని, రుమాళ్ళ మూలల్లో గులాబీలు నేర్పడమే నా పని. ఇది వేరు. చేతులు ఆగడం లేదు.

ఫిబ్రవరి 8

చీరాల బజారంతా తిరిగాను. తొమ్మిది రకాల ఎరుపులు. ఒక్కటీ కాదు. పాత దారం పక్కన పెడితే అన్నీ అరుస్తున్నాయి.

ఫిబ్రవరి 9

సంఘ పెద్ద దానియేలుగారికి ఇదంతా నచ్చలేదు. "ఎందుకమ్మా ఈ తంటా? మద్రాసు నించి వెల్వెట్ తెప్పిద్దాం. జిగేల్‌మంటది."

నెలాఖరు దాకా గడువడిగాను. ఆలోగా అదే ఎరుపు దారం చూపించాలి. లేదంటే వెల్వెట్టే.

ఫిబ్రవరి 12, ఆదివారం

ఆరాధన కాగానే గుడ్డ పట్టుకుని మార్తమ్మవ్వ ఇంటికి. ఎనభై దాటాయి, కళ్ళకి శుక్లాలు. ఒళ్ళో పెట్టగానే వేళ్ళతో అంచంతా తడిమింది.

"మా అమ్మ కూడా కూర్చుని కుట్టిందే ఇది. నాకు తెలవదా?"

అంచు మీద ఈ దానిమ్మకాయలు భలే కుట్టారవ్వా, అన్నాను.

"దానిమ్మలేందే! పత్తికాయలు. పొద్దస్తమానం చేలో ఏరేది అయ్యేగా. అయ్యే కుట్టారు."

వారం నుంచీ చూస్తున్నాను, దానిమ్మ అనుకుంటూ! నాలుగు రెక్కలుగా పగిలిన పత్తికాయ... ఎలా కనపడలేదు నాకు?

దారం కూడా వాళ్ళే వడికారట. రంగు చిరివేరుతో, సముద్రపొడ్డు ఇసకలో పెరిగే మొక్క వేరు. అవ్వ చిన్నప్పుడు తల్లితో వెళ్ళి తవ్విందట. పద్ధతంతా చెప్పింది. నేను రాసుకుంటుంటే విసుక్కుంది — "రాత్తే రంగొచ్చిద్దా?"

ఫిబ్రవరి 15

సెలవు పెట్టి వాడరేవు వెళ్ళాను. ఇసక దిబ్బలు, మండే ఎండ. సన్నటి ఆకులు, చిన్న చిన్న తెల్లపూలు... అవ్వ చెప్పినట్టే. వేరు పీకి గోటితో గీరాను. నారింజ రంగు! చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా అని కూడా చూడకుండా అరిచాను. సంచి నిండింది.

ఫిబ్రవరి 18

తెల్లదారం కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి. తర్వాత పటిక నీళ్ళు. ఇంటినిండా పులిసిన పాల వాసన. పక్క కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు. ఒకటే తుమ్ములు. ఎంత బాగుందో.

ఫిబ్రవరి 20

వేరు దంచి, దారం వేసి ఉడికించాను. నల్లగా వచ్చింది. ఏడ్చాను.

ఫిబ్రవరి 21

అవ్వ నవ్వీ నవ్వీ దగ్గింది.

"ఇనప బాండీలో ఉడకేశావా? కరక్కాయకి ఇనుం తగిల్తే సిరా అయ్యిద్ది గానీ ఎరుపెట్టా వచ్చిద్దే, పిచ్చిదానా! మట్టికుండ పెట్టు."

మళ్ళీ మొదటి నుంచి. పాలు, ఎండ, పటిక. గడువుకి ఎనిమిది రోజులే ఉన్నాయి.

ఫిబ్రవరి 28

వచ్చింది!! పుల్లతో కుండలోంచి ఎత్తితే — అదే. అదే ఎరుపు. పాతగుడ్డ మీద పెడితే ఏది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

తడి దారంతోనే పరుగు. అవ్వని ఎండలోకి తీసుకొచ్చి కళ్ళ దగ్గర పెట్టాను. "ఏందో... ఎర్రగా మెరుత్తందే" అంది.

ఫిబ్రవరి 29

దానియేలుగారు దారాన్ని స్వయంగా సబ్బుతో రుద్ది రుద్ది చూశారు. నీళ్ళు తేటగానే ఉన్నాయి.

"సరే, కుట్టు. కానీ ఊళ్ళ నించి పాస్టరయ్యగార్లంతా వస్తారమ్మా. ఒక్క కుట్టు వంకర పోయినా మన పరువే."

వెల్వెట్ లేదు! వెల్వెట్ లేదు!

మార్చి 6

బడి నుంచి రాగానే కుట్టు. అన్నం కూడా గుర్తుండటం లేదు. పదకొండు కాయలు అయ్యాయి.

మార్చి 9

అవ్వ కర్ర పట్టుకుని మా ఇంటికి నడిచొచ్చింది. "ఒక కాయ నేను కుడతా" అంది. కాదనలేకపోయాను. సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. రెండు గంటలు కూర్చుంది, పెదాలు కదులుతూనే ఉన్నాయి, పాటో ప్రార్థనో.

అవ్వ కాయ అందరికీ ఎదురుగా కనపడే ముందంచులో, సరిగ్గా మధ్యలో. గీత దాటి పక్కకి వాలింది. రెక్కలు మూడే.

"ఎట్టుందే?"

"బాగుందవ్వా."

మార్చి 10

పాస్టరమ్మగారు వచ్చి చూశారు. అవ్వ కాయ దగ్గర వేలు ఆగింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి — "అది విప్పి నువ్వు కుట్టేయ్ సుగుణా. ఆమెకి కనపడదుగా..."

కత్తెర తీశాను. మొదటి కుట్టు కింద మొన కూడా పెట్టాను. పక్కన పెట్టేసి, మిగిలిన మూడు కాయలూ కుట్టాను.

పండుగకి ఎనిమిది రోజులు. ఇవాళ మాత్రం విప్పలేదు.