టీవీ మీద గ్లాసు

అనాపొలిస్,
మంగళవారం

వల్దీర్ అన్నయ్యకి చెల్లెలు జుసేలియా ప్రేమతో రాయునది. ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయాలి కాబట్టి రాశాను. మిగతాది నిదానంగా చదువు.

గని దుమ్ముకి పట్టుకున్న నీ దగ్గు తగ్గిందా? చర్చి ఛానెల్లో నాన్నని చూశాననీ, మనిషి తేటగా ఉన్నారనీ రాశావు. ఆ తేట ఎలా వచ్చిందో చెప్తాను.

అమ్మ పోయినా రోజూ పొద్దున్నే ఆమె సాక్ష్యం టీవీలో వస్తూనే ఉంది. నీలం జాకెట్టులో నవ్వుతూ, "మాత్రలు మానేశాను. ఈ నీళ్ళే నన్ను బాగుచేశాయి. నమ్మండి" అంటుంది. ఆ రోజు షూటింగులో ఆమె పట్టుకున్నది మనింటి గ్లాసు. ఇప్పుడు బొమ్మ మార్చేసి, ఆ చేతిలో చర్చి పేరు అచ్చేసిన సీసా పెట్టారు. ఆ సీసా అమ్మని పాతిపెట్టాక అమ్మకానికి వచ్చిందన్నయ్యా!  దాన్ని ఆపమని అడగడానికి చర్చికి వెళ్ళాను. పాత సూపర్‌మార్కెట్లోనే కదా చర్చి, ట్రాలీలు కూడా తీయలేదు. "మీ అమ్మగారిదే బాగా ఆడుతోందమ్మా" అన్నారు అక్కడివాళ్ళు.

నాన్న రోజూ టీవీలోని అమ్మని పలకరించి, పాస్టరు ప్రార్థన వేళకి మన డబ్బా టీవీ మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి, అవే తాగుతారు. గుండె మాత్రలు చెత్తలో పారేశారు.

నీకు చెప్పనిది ఒకటుంది. నేను మళ్ళీ మాత్రలు కొని, నూరి, ఆ గ్లాసులో కలిపాను. "ఇవాళ చేదుగా ఉందే! అభిషేకం గట్టిగా దిగింది" అని మురిసిపోయేవారు. కోలుకున్నారు. కోలుకుని నేరుగా వెళ్ళి సాక్ష్యం చెప్పేశారు. నువ్వు చూసింది అదే.

పోయిన వారం పొద్దున్న, టీవీ నడుస్తుండగా పక్కింటి జులైదీ పిన్ని వచ్చింది. "మీ నాన్న మాట విని నా షుగరు సూదులు పారేశానే పిల్లా!" అంది. ఇక నా వల్ల కాలేదు. ఇద్దరి ముందూ నిజం కక్కేశాను.

"నన్ను చంపేసేవారు కదే తండ్రీకూతుళ్ళు!" అంటూ పిన్ని మందుల షాపుకి పరుగెత్తింది. నాన్న మాత్రం టీవీ వైపు తిరిగారు.

"నిజమేనా, ఇరాసీ?" అని అమ్మని అడిగారు.

"నమ్మండి" అంది అమ్మ.

అప్పటినుంచి నా చేతి నీళ్ళు ముట్టడం లేదు. సీలు తీయని సీసాలు తానే తెచ్చుకుంటున్నారు. కాళ్ళు మళ్ళీ వాస్తున్నాయి. నాకు భయంగా ఉంది. నీ మాటైతే వింటారు.

తెరమీది నాన్న ఎప్పటికీ బాగానే ఉంటారు, అమ్మలాగే. కుర్చీలో ఉన్న నాన్న కోసం వెంటనే రా.

ఇట్లు,
నీ రాకకై గుమ్మంలోనే ఉన్న చెల్లెలు,
జుసేలియా