నాన్న గదిలో లైటు

తమ్ముడూ,

ఇంటింటికీ ఇంకోసారి చెప్పి రావడానికి వెళ్తున్నాను. ఇవాళ రాత్రి ఎనిమిదింటికి భూమి కోసం వీధంతా గంటసేపు లైట్లు ఆర్పుతున్నాం. హాల్లోది, వంటింట్లోది, గేటు దగ్గరది నువ్వు ఆర్పు. మెయిన్ స్విచ్ జోలికి మాత్రం పోకు. నాన్న గదిలో ఫాను తిరగాలి, లైటు వెలగాలి. పిలుపునిచ్చిన ఇంట్లోనే లైటా అని ఎవరైనా నవ్వితే నవ్వనీ.

మొన్న ఎలా ఉంటుందో చూద్దామని నువ్వు మెయిన్ దించేశావు. నేను వెళ్లేసరికి నాన్న చీకట్లో అమ్మ మంచం పక్కన కూర్చుని, ఖాళీ పరుపుకి అట్టముక్కతో విసురుతున్నారు. పోయిన ఎండాకాలం కరెంటు పోయిన రాత్రి విసిరినట్టే. "మీ అమ్మకి ఇప్పుడే కన్నంటుకుంది, లేపకు" అన్నారు నాతో.

మూలింటి టైలరమ్మ మొహం మీదే అడిగింది, "కరెంటు లేకే కదా మీ అమ్మ పోయింది, మళ్లీ మమ్మల్ని ఆపమంటావేంటి?" అని. భూమి ఏటేటా ఇలా కాగిపోతే ఇంకో ఇంట్లో ఇంకో అమ్మ పోతుందన్నాను. తలుపేసుకుంది. నీ మనసులోనూ అదే మాట ఉంది. నువ్వు పైకి అనవు, అంతే తేడా.

వంట అయింది. నాన్నకి ముందు పెట్టు.

అక్క

ఇంకో మాట. కిటికీలోంచి చీకటి చూసి నాన్న మళ్లీ విసరడం మొదలుపెడితే అట్టముక్క లాక్కోకు. వెళ్లి ఆ మంచం మీద కాసేపు పడుకో. ఆ గాలి ఎవరో ఒకరికి తగలనీ.