ఓడలో పులుసు సంగతి

ఒరే అప్పన్నా,

ఇన్నేళ్ళకి నీ మీద నాకు కోపం వచ్చింది. డెన్మార్క్ ఓడలో వంట నాది, ఇంజను నీది. ఓ ఆదివారం భోజనాల గదిలో వాళ్ళ పాత నవ్వుల సినిమా వేశారు. అదీ ఓడ కథే. అందులో వంటవాడు కనపడగానే అందరూ నన్ను చూసి పడీపడీ నవ్వారు. వాళ్ళ భాష నీకే వచ్చు. "ఏంట్రా?" అంటే, "వంటవాణ్ణి మెచ్చుకుంటున్నారు" అన్నావు. నువ్వు మాత్రం నవ్వలేదు. కుళ్ళుకున్నావనుకున్నాను. మర్నాడు చేపల పులుసు చేసి కెప్టెన్ ముందుకి దర్జాగా పట్టుకెళ్ళాను.

నిన్న ఇక్కడ హామిల్టన్ ఊళ్ళో మనవరాలు అదే సినిమా పెట్టింది. బొమ్మ కింద పడే ఇంగ్లీషు మాటలు చదివి, "తాతా, కుక్ ఫుడ్ చాలా బ్యాడ్ అంట. ఆ ఫుడ్ సముద్రంలో వేసేస్తున్నారు" అంది.

ఎందుకు దాచావురా? నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? ఆ మర్నాడు ఎవడూ ముట్టని పులుసు నువ్వొక్కడివే మళ్ళీ మళ్ళీ వేయించుకున్నావు.

వచ్చే ఆదివారం నీ సంవత్సరీకం. ఇక్కడి స్నాపర్ చేపతో అదే పులుసు చేసి నీ ఫొటో ముందు పెడతాను. ఆ రోజుకల్లా నాకు జవాబు కావాలి. బాగుండి తిన్నావా, నా మొహం చూసి తిన్నావా?

వీర్రాజు