కోడలి గది గడప

కసిర్యే అమ్మకు,
కంగారుపడకు, కోడలికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. శనివారం ఇంటికొస్తారు. ఈలోగా ఇళ్లు కడిగే కంపెనీలు రెండింటిని పిలిచి, ఒకదాన్ని కుదర్చమని మన అబ్బాయి కసిర్యే నాకు అప్పజెప్పాడు.

నిన్న మొదటి కంపెనీ పిల్ల వచ్చి, నేరుగా కోడలి గది తలుపు తోసింది. "తాతా, లోపలికి రా! ఏది కడగాలో, ఏది ముట్టకూడదో చూపించు" అంది. మామగారిని, మన ఆచారం కాదని ఆ గడప ఎలా దాటను? పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. "చీపురు చూసి పారిపోయాడే!" అని నవ్వింది.

రెండో కంపెనీ పెద్దావిడ మన పద్ధతిలో మోకరిల్లి పలకరించింది. "అయ్యా, కోడలి గదని తెలుసు. ఇంటి ఆడవాళ్లు వచ్చి చూపిస్తేనే ముట్టుకుంటా" అంది. మర్యాద తెలిసిన మనిషే. కానీ ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరు, పసిది పడుకునేది ఆ దుమ్ము గదిలోనే కదా. ఏమీ పాలుపోక ఇద్దరినీ శుక్రవారం రమ్మన్నాను. అది ఇంకా తప్పేమో.

చిక్కుడు గింజలు ఎండాయా? మేకను పక్కింట్లో అప్పజెప్పి, ఈ కార్డు తెచ్చిన బస్సులోనే కంపాలా వచ్చెయ్యి. ఎవరు కడగాలో నువ్వే చెప్పు. నువ్వు గదిలో నిలబడితే నేను పెరట్లో ఉంటాను. అరటిగెల ఒకటి తేవడం మరవకు.

ఊళ్లో పిల్లలకు నా దీవెనలు. పాప నీ పోలికేనట.

లుట్వామా